ట్రాక్టరు గేరుబాక్సులో ఏ ఆయిలు పోయవలెను?

వాడపల్లి రైతు సోదరులారా,

కృష్ణా, మూసీ కలిసే చోట ఉన్న మీకు నీటి సంగతి, వరి సంగతి నేను చెప్పనక్కరలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరి పెరిగినది. క్రమముగా అరక పోయి ట్రాక్టరు వచ్చినది. ఏ ఎద్దుకు ఏ మేత పెట్టవలెనో మీకు తెలియును. కాని గేరుబాక్సులో ఏ ఆయిలు పోయవలెనన్నది మాత్రము చాలమంది దుకాణదారునికే వదలివేయుచున్నారు. అతడు తన వద్దనున్న డబ్బానే ఇచ్చును గదా!

నేటి ట్రాక్టర్లలో చాలవాటికి గేర్లు, వెనుక ఇరుసు, లిఫ్టు, బ్రేకులు అన్నింటికీ ఒకే ఆయిలు. బ్రేకు ప్లేట్లు కూడ ఆయిలులో మునిగియే తిరుగును. కనుక ఆ ఆయిలు ఒకదానికొకటి సరిపడని పనులు చేయవలెను. గేరు పండ్ల మధ్య జారవలెను, బ్రేకు ప్లేట్ల మధ్య పట్టు నిలుపవలెను, లిఫ్టు పంపులో పలుచగా పారవలెను. ఇందుకై తయారైనదే యు.టి.టి.ఓ. అనే రకము.

దీనికి బదులు మామూలు హైడ్రాలిక్ ఆయిలు పోసితిరనుకొనండి. లిఫ్టు బాగుగానే లేచును. అందుచేతనే మోసపోవుదుము. గేర్లకు తగిన రక్షణ ఉండదు; బ్రేకు తొక్కినపుడు ప్లేట్లు కీచుమని వణకును. వడ్ల ట్రాలీతో అద్దంకి రోడ్డుమీద మిర్యాలగూడ మిల్లులకు పోవునపుడు ముందు బస్సు, వెనుక లారీ ఉండును. డబ్బా దగ్గర మిగిల్చిన నాలుగు రూపాయలు అక్కడ అక్కరకు రావు.

అంకెల విషయములో మరొక పొరపాటు కలదు. గేరు ఆయిలు డబ్బామీది 90ని చూచి, ఇంజను ఆయిలు 40 కంటె రెండింతలు చిక్కనిదని తలచుదురు. రెండింటి కొలతలు వేరు. గేరు ఆయిలు 90 చిక్కదనము ఇంచుమించు ఇంజను ఆయిలు 40, 50 లకు దగ్గరగానే ఉండును. అట్లే జి.ఎల్.-5 అనునది జి.ఎల్.-4 కంటె మేలైనదని కాదు. జి.ఎల్.-5లో గంధకము, భాస్వరముల మందులు హెచ్చు. కొన్ని రకముల ఇరుసు గేర్లకు అవి అవసరమే. గేరుబాక్సులోని ఇత్తడి రింగులకు మాత్రము హాని చేయవచ్చును. ఆయిలులో మునగని పొడి బ్రేకుల పాత ట్రాక్టరుకు వేరు రకము చెప్పియుండవచ్చును. యంత్రముతో ఇచ్చిన పుస్తకములో ఉన్నదే ప్రమాణము.

పికప్ బండి కలవారికి ఒక మాట. ఎర్రని పలుచని ఏ.టి.ఎఫ్. అనే ఆయిలు తనంత తానుగా గేర్లు మారే బండ్ల కొరకు పుట్టినది. మన పక్క తిరిగే పికప్‌లలో ఎక్కువభాగము చేతితో గేరు మార్చునవే. వాటికి గేరు ఆయిలు వేరు. కొన్నింటికి పవర్ స్టీరింగులో మాత్రము ఆ ఎర్ర ఆయిలు పోయుదురు. అందులోను డెక్స్రాన్ వంటి రకములు పలు కలవు. ఎరుపు రంగు కలిపినదే గాని, గుణమునకు గుర్తు కాదు.

ఇక మన దమ్ము సంగతి. ఇనుప చక్రాలతో ఇరుసు మునుగునంత బురదలో తిరిగినపుడు అరిగిన సీళ్ల గుండా నీరు లోనికి పోవును. ఆయిలు మజ్జిగవలె తెల్లబడును. అనుమానమున్నచో ఒక చుక్క వేడి పెనముమీద దూరముగా నిలిచి వేయండి. చిటపటలాడిన యెడల నీరున్నట్లే. యు.టి.టి.ఓ. కొంత నీటిని తనలోనే కలుపుకొనును గనుక, సీసాలో నిలిపినంత మాత్రాన నీరు అడుగుకు దిగదు. అట్టి ఆయిలు మార్చి, సీలు బాగు చేయించండి. సీలు మార్చక ఆయిలు మార్చుట చిల్లి కుండలో నీరు పోయుటే.

పని ముగిసి ఆయిలు వెచ్చగా ఉన్నపుడు దింపండి. అడుగు బిరడాకున్న అయస్కాంతమును చూడండి. మెత్తని నల్లని ముద్ద సహజమే. ఇనుప పెళ్లలు కనిపించిన మేస్త్రీని పిలువండి. వడపోతను శుభ్రపరచి, రకము మారుచున్నయెడల పాతది పూర్తిగా దింపి, కొత్తది పోయండి. కాసేపు ఇంజను నడిపి, లిఫ్టును రెండుమూడు మార్లు ఎత్తి దింపి, సమనేలమీద నిలిపి డిప్‌స్టిక్కు మరల చూడండి, తగ్గినంత పోయండి.