ఓడినవారి స్థానము

 

రాజ్యాంగములను ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలించుట క్రొత్త విద్య కాదు. అరిస్టాటిలును ఆయన శిష్యులును 158 రాజ్యముల పరిపాలనా విధానములను సంతరించిరని ప్రాచీనులు చెప్పిరి. ఇట్టి పరిశీలకులు సాధారణముగా, అధికారము ఎవరికి, ఏ మార్గమున దక్కినదని అడుగుదురు. అంతఃకలహముల చరిత్రను చదివినకొలదియు, ఓడినవారి గతి యేమయ్యెనని అడుగుటయే అంతకంటె ప్రధానమని నాకు దృఢముగా తోచుచున్నది. ఆ ప్రశ్ననే నేడు మూడు దేశములకు వేసి చూతము.

శాంతికి నిలయమని నేడు పేరొందిన స్విట్జర్లండు, 1847లో అంతర్యుద్ధమును చవిచూచిన దేశమే. ఏడు కాథలిక్ కాంటనులు సోండర్‌బుండ్ అను కూటమిగా నేర్పడగా, దానిని భంగపఱచుటకై సమాఖ్య సేనలు కదలెను. సేనాని డ్యూఫూర్ క్షతగాత్రులను, బందీలను కాపాడవలెనని సైనికుల నాజ్ఞాపించెను. నెల నిండకమునుపే యుద్ధము ముగిసెను. మృతులు సుమారు నూఱుమంది. మఱుసటి యేట వెలసిన రాజ్యాంగము జనసంఖ్యతో నిమిత్తము లేకుండ ప్రతి పూర్ణ కాంటనునకును ఎగువసభలో రెండు స్థానముల నొసగుటచే, ఓడిన చిన్న కాంటనులు గెలిచిన పెద్ద కాంటనుల సరసన సమానముగా కూర్చుండగల్గెను. ఐనను సయోధ్య ఒక్కనాట కుదురలేదు. ముప్పదివేలమంది పౌరులు సంతకములు చేసినచో శాసనమును ప్రజల ఓటునకు పెట్టవలెనను నియమము 1874లో ఏర్పడగా, కాథలిక్ పక్షమువారు దానిని చేకొని పెక్కు శాసనములను త్రోసివేయించిరి. వారిని కలుపుకొనక పాలన సాగదని గ్రహించిన పాలక రాడికల్ పక్షము, 1891లో వారి నాయకుడగు జోసెఫ్ జెంప్‌నకు ఏడుగురు సభ్యుల మంత్రిమండలిలో చోటిచ్చెను. నడుమ 44 ఏండ్లు గడచినవి. అంతకాలమును ఓడినవారు మరల తుపాకి పట్టకుండుటకు ప్రధాన కారణము, తుపాకి కంటె నమ్మదగిన సాధనము చట్టబద్ధముగా వారి చేతనుండుటయే.

లెబనానునకు 1943లో స్వాతంత్ర్యము లభించిన వేళ, బిషారా అల్ ఖూరీ, రియాద్ అల్ సుల్హ్ అను నాయకులు వ్రాతలేని ఒడంబడిక యొకటి చేసికొనిరి. అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడుగాను, ప్రధానమంత్రి సున్నీగాను ఉండవలెను. సభాపతి పదవి షియాలకు చెందినది. శాసనసభలో క్రైస్తవులార్గురకు మహమ్మదీయులైదుగురు. ఎవరును సర్వము పోగొట్టుకొనరాదను సదుద్దేశము దీనియందు గలదు. కాని ఈ వాటాలకాధారము 1932 నాటి జనాభా లెక్క. అటుపిమ్మట అచట అట్టి లెక్క మరల జరుగనే లేదు. జనము మారెను, వాటా మారలేదు. ఒకనాడు న్యాయముగా తోచిన పంపకము, పెరిగిన వర్గములకు శాశ్వత పరాజయముగా పరిణమించెను. పాలస్తీనా సాయుధ దళముల యునికియు, సిరియా, ఇజ్రాయెలుల జోక్యమును అగ్నికి ఆజ్యము పోయగా, 1975 నుండి 1990 వఱకు అంతర్యుద్ధము దేశమును దహించెను. 1989లో తాయిఫ్ నగరమున కుదిరిన ఒప్పందము శాసనసభా స్థానములను ఇరువర్గములకు సమముగా పంచెను. అంత రక్తము చిందిన పిమ్మట గాని ఆ సవరణము సాధ్యము కాలేదు.

శ్రీలంక చరిత్ర మఱింత శోచనీయము. 1931లోనే వయోజనులందఱకును ఓటుహక్కు లభించిన ఆ ద్వీపము, ఏ ఒక్క జాతిని గాని మతమును గాని ప్రత్యేకించి నష్టపఱచు శాసనము చేయరాదను 29వ ప్రకరణము గల రాజ్యాంగముతో 1948లో స్వతంత్రమయ్యెను. ఆ ఏటనే చేసిన చట్టము, తేయాకు తోటలలోని భారతీయ మూలము గల తమిళులలో అత్యధికులకు పౌరసత్వము లేకుండ చేసెను. 1956లో సింహళమొక్కటే అధికారభాష యయ్యెను. మఱుసటి యేట ప్రధాని బండారనాయకయు, తమిళ నాయకుడు చెల్వనాయకమును ప్రాంతీయ మండలుల కొఱకు ఒప్పందము చేసికొనిరి. భిక్షువుల నిరసనమునకు లోబడి ప్రధాని 1958లో దానిని రద్దు గావించెను. 1965లో ప్రధాని డడ్లీ సేనానాయక చేసిన ఒప్పందమునకును అదియే గతి పట్టెను. 1972 నాటి క్రొత్త రాజ్యాంగమున 29వ ప్రకరణమునకు చోటే లేకపోయెను. పెద్ద పక్షములు రెండును సింహళ ఓటర్ల కొఱకే పోటీపడుటచే, ఒకరు తమిళులకిచ్చిన మాటను వేఱొకరు ద్రోహమని చాటుచుండిరి; ప్రభుత్వములు మారుచుండెను, ఓడువారు మాత్రము మారలేదు. 1983 నుండి 2009 వఱకు సాగిన ఘోరయుద్ధమున తిరుగుబాటుదారులు చేసిన హత్యలను దీనిచే సమర్థింపరాదు. కాని ఆ యుద్ధపు బీజములు శాసనసభలోనే పడినవను సత్యమును మఱువరాదు.

అదే 1956లో, పాక్ జలసంధి కీవల, భారతదేశము భాషల ననుసరించి రాష్ట్రములను పునర్వ్యవస్థీకరించెను. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణమునకు పిమ్మట గాని ఆంధ్రరాష్ట్రమునకు ఢిల్లీ సమ్మతింపలేదు. భాషారాష్ట్రములు దేశైక్యమునకు ముప్పు తెచ్చునని నాడు పలువురు భయపడిరి; రాష్ట్రములేర్పడినవి, దేశము చీలలేదు.

ఈ పరిశీలనమువలన తేలునదేమి? భాషలును మతములును అనేకములగుట కలహమునకు చాలిన కారణము కాదు. ఎన్నికలు జరుగుట శాంతికి చాలిన పూచీ కాదు. అధికసంఖ్యాకులు తమ యిచ్చ వచ్చినట్లు తీసివేయజాలని రక్ష ఓడినవారికి ఉండవలెను. అది స్విట్జర్లండున నిలిచెను, శ్రీలంకలో కూలెను. కాలముతోపాటు వాటా మారుటకు మార్గముండవలెను. అది లెబనానున లోపించెను. ప్రభుత్వము మారినను ఇచ్చిన మాట చెల్లవలెను. కావున విద్యార్థులారా, ఏ రాజ్యాంగమును చదివినను, ఓట్ల లెక్కింపు ముగిసిన మఱునాడు ఓడినవారు ఏ సభలో, ఏ న్యాయస్థానమున, ఏ హక్కుతో నిలువగలరో వెదకుడు. ఆ సమాధానము దొరకని దేశమున ఎన్నికలెంత సక్రమముగా జరిగినను శాంతి నిలుచునని నేను నమ్మజాలను. ఆ హక్కును యుద్ధానంతరము కంటె యుద్ధమునకు మునుపే ఇచ్చుట ఎన్నియో రెట్లు సులభమనుటకు లెబనాను, శ్రీలంకల చరిత్రయే ప్రమాణము.