సిలికాన్ మీద మరక



అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే దారిలో గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది. సరోజినీ నాయుడు ఇల్లని అందరికీ తెలుసు. ఆమె తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేట్ పుచ్చుకున్న శాస్త్రవేత్త అని తలచుకునేవాళ్లు మాత్రం తక్కువ. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో నడిచింది ఆ ఇంట్లోనే. తర్వాత గచ్చిబౌలికి తరలింది. అయాన్లు ఘనపదార్థాల్లోకి దూసుకెళ్తే ఏమవుతుందో అక్కడ ఎ.పి. పాఠక్ బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది.

ఆ రంగంలోదే ఒక వింత. ఆర్గాన్ పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీసి, అలా తయారైన అయాన్‌ను వెయ్యి వోల్టులతో ఉరికించి, గాలి తీసేసిన చాంబర్‌లో సిలికాన్ పలక మీదికి ఏటవాలుగా వదులుతారు. దెబ్బకు పైపొర పరమాణువులు లేచిపోతాయి. అరిగి నునుపు తేలాల్సిన పలక మీద, ఇసుకతిన్నె మీద గాలి గీసినట్టు అలలు లేస్తాయి. అలకూ అలకూ మధ్య ఎడం కొన్ని పదుల నానోమీటర్లే.

ఎందుకిలా? 1988లో మార్క్ బ్రాడ్లీ, జేమ్స్ హార్పర్ లెక్కగట్టారు. అయాన్లు తెచ్చిన శక్తి గుంట అడుగున ఎక్కువగా పోగవుతుంది, మిట్ట మీద తక్కువ. కాబట్టి గుంట మరింత లోతవుతుంది. ఉపరితలం మీద తిరుగాడే పరమాణువులు దాన్ని పూడుస్తుంటాయి. ఈ పెనుగులాటే అల వెడల్పును తేలుస్తుంది. 1999లో స్టెఫాన్ ఫాస్కో బృందం గాలియం యాంటిమొనైడ్ మీద నిట్టనిలువుగా అయాన్లు కురిపించింది. సుమారు 35 నానోమీటర్ల చుక్కలు ఆరు మూలల అమరికలో బారులు తీరాయి. సిలికాన్ మీదా చుక్కలొచ్చాయంటూ పత్రాలు వెలువడ్డాయి.

అసలు కథ ఇక్కడుంది. 2005లో ఓజైదిన్, లుడ్విగ్ తదితరులు ఒక చిక్కు బయటపెట్టారు. పలక మీద కాస్త మాలిబ్డినం పడితేనే చుక్కలు, పడకపోతే నునుపే! సిద్ధాంతం చలవే అనుకున్నదాంట్లో లోహపు మరకకూ వాటా ఉందన్నమాట. ఈ మాట చెప్పడానికి కొత్త సిద్ధాంతం కనిపెట్టడం కన్నా ఎక్కువ ఓపిక కావాలి. తర్వాత హార్వర్డ్‌లో మైకెల్ అజీజ్ బృందం శుద్ధ సిలికాన్‌ను మళ్లీ పరీక్షించింది. నిట్టనిలువు దాడికి అది చదునుగానే ఉంది. సుమారు 50 డిగ్రీలు వాలిస్తేనే అలలు లేచాయి. పైగా ఎగిరిపోయిన పరమాణువుల కన్నా, ఎగరకుండా పక్కకు జరిగినవాటి ప్రభావమే ఎక్కువని 2011లో తేల్చారు.

మీలో ప్రయోగశాలలకు వెళ్లేవాళ్లకు ఒక్క విన్నపం. పత్రం రాసేటప్పుడు, పలకను పట్టి ఉంచిన క్లిప్పు ఏ లోహంతో చేసిందో కూడా రాయండి; మరక అక్కణ్నుంచీ పడొచ్చు.