ఇంటి కార్ఖానాకు ప్రత్యేక విద్యుత్ బోర్డు – ఖర్చు ఎవరిది?
(ఢిల్లీ పరిసర ప్రాంత కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2019 డిసెంబరు 8 తెల్లవారుజామున ఢిల్లీ అనాజ్ మండీలో, నివాసగృహాల నడుమ నున్న కార్ఖానా భవనంలో మంటలు చెలరేగి 43 మంది మరణించారు. పనిచేసిన చోటనే నిద్రించిన శ్రామికులు వారిలో అనేకులు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉండవచ్చునని అధికారులు నాడే అనుమానించారు.

నేడు కాపస్‌హేడా మొదలు నోయిడా వరకు ఎందరో అద్దె గదులలో కుట్టు, ఇస్త్రీ, డ్రిల్లింగు యంత్రాలు నడుపుతున్నారు. దీపానికి, పంకాకు వేసిన తీగకే యంత్రాన్నీ తగిలిస్తున్నారు. 3 కిలోవాట్ల భారం 230 వోల్టుల వద్ద సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. ఆ సన్నని తీగ దానిని భరించజాలదు.

కావున మొదట విద్యుత్ పంపిణీ సంస్థ నుండి తగిన లోడు మంజూరు పొందవలెను. పిమ్మట మెయిన్ బోర్డు నుండి వేరొక కేబులు లాగి, పని గదిలో సబ్‌బోర్డు అమర్చవలెను. కేబులు మొదట ఉండే ఎం.సి.బి. రేటింగు ఆ కేబులు మోయగల కరెంటును మించరాదు. మాటిమాటికీ పడిపోతున్నదని పెద్దది మార్చడం కాపలావానిని నిద్రపుచ్చడమే.

సబ్‌బోర్డులో న్యూట్రల్, ఎర్త్ వేర్వేరు పట్టీలపై ఉండవలెను. అక్కడ వాటిని కలపరాదు. కలిపిన పిమ్మట న్యూట్రల్ తెగినచో, యంత్రపు లోహభాగాన్ని తాకినవారికి షాకు తగులుతుంది. 30 మిల్లీఆంపియర్లు సైతం ప్రాణాపాయం కలిగించగలవు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది చీమ కుట్టినట్లైనా ఉండదు. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. దాని పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను.

ఈ పని లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే జరగవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనలు చెబుతున్నాయి. కాని మేము చూసిన అనేక గదులలో ఎర్త్ తీగే లేదు. అడిగితే ఇంటి యజమాని తనకు సంబంధం లేదంటాడు. పని ఇచ్చిన గుత్తేదారు అది అతని ఇల్లంటాడు. ముక్క కూలిపై బ్రతికేవాడు తన భోజనంలో కోత పెట్టి బోర్డు కొనవలెనా?

ఇందులో మన లోపమూ ఉన్నది. ముక్కకు ఎన్ని పైసలని బేరమాడినాము గాని, ఆ ముక్క ఏ తీగ కింద తయారవుతున్నదో అడగలేదు. ఇకపై కూలి ఒప్పందంలో సబ్‌బోర్డు, ఎర్తింగు, ఆర్.సి.సి.బి. ఖర్చు పని ఇచ్చినవాడే భరించవలెనన్న షరతు చేర్చుదాం. పని జరిగిన చోటు కార్మికుని ఇల్లే కావచ్చు; లాభం చేరిన చోటు అది కాదు గదా!