అంగడిలెక్కయు కృత్రిమమేధయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగము)



మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలో కూర్చెను. సంస్కృతము రానివారికిని లెక్క అందినది. కృత్రిమమేధ విషయమునను నేడు మనకు కావలసినది అట్టి పనియే.

ఫిన్లాండు దేశమున 2018లో హెల్సింకి విశ్వవిద్యాలయమువారు రియాక్టర్ అను సంస్థతో కలిసి ఈ విద్యను సామాన్యులకు ఉచితముగా నేర్ప మొదలిడిరి. జనులలో నూటికొక్కరైనను నేర్వవలెనని వారి సంకల్పము. మన ప్రభుత్వము 2022లో భాషిణి అను అనువాద సాధనమును వెలువరించినది. కావున భాష మునుపటివలె అడ్డుగాదు. కిరాణా వర్తకునికి, దర్జీకి, నేతగానికి ప్రక్కన కూర్చుండి చూపువారు లేకుండుటయే అడ్డు.

ఈ యంత్రము ఏ మాట వెంట ఏ మాట రాగలదో ఊహించి వాక్యము కూర్చును. అందుచే తప్పును సైతము ఎంతో మర్యాదగా, ఒప్పువలె చెప్పగలదు. (అట్టివారు మన యూరను లేకపోలేదు!) బకాయి కోరుచు మృదువుగా నొక ఉత్తరము వ్రాయించుకొనుడు, కాని జి.ఎస్.టి. మొత్తమును స్వయముగా కూడి చూడక సంతకము చేయవలదు. ఖాతాదారుల పేర్లు, ఫోను సంఖ్యలు దానికి అప్పగింపరాదు.

వారమునకు రెండు సాయంకాలములు, అంగళ్లు కట్టిన పిదప, ఎవరి చిట్టాపుస్తకముతో వారు ఇచ్చటికి రావలెనని నా మనవి. ఉపన్యాసకులు అక్కరలేదు, మన కళాశాల పిల్లలు యంత్రమును చూపుదురు, తప్పు పట్టుట నేను చూపెదను. కూలికి పోవు స్త్రీలకు ముందు వరుస విడువుడు. వారి హాజరు, వారి కూలిలెక్క నేటికిని ఇతరుల చేతనే యున్నవి.