సమరయుని సంచి

వాక్యభాగము: లూకా 10:30–35

 

సెలవులు దగ్గరపడుతున్నాయి. మన యౌవనస్థులు లక్నవరం, తాడ్వాయి, బొగత జలపాతం వైపు ప్రయాణాలు అనుకుంటున్నారు. కొందరు గుడారాలు వేసుకొని రెండు రాత్రులు బయటే ఉండి వస్తారు. కొందరు కారులోనే సామాను వేసుకొని, 163వ జాతీయ రహదారి పట్టుకొని ములుగు దాటి రోజుల తరబడి తిరిగి వస్తారు. సంఘాలలో యౌవనుల కూడికలు కూడా ఇప్పుడు ఆరుబయట జరుగుతున్నాయి. సంతోషమే. దేవుని సృష్టిని చూడడం మంచిదే. అయితే బయలుదేరే ముందు మీ సంచి ఒకసారి తెరిచి చూడమని అడగడానికే ఈ ఉదయం మీ ముందుకు వచ్చాను.

మంచి సమరయుని ఉపమానం మనకు చిన్నప్పటి నుండి తెలుసు. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోయే దారి. దొంగలు కొట్టి పడవేసిన మనిషి. యాజకుడు చూశాడు, వెళ్ళిపోయాడు. లేవీయుడు చూశాడు, వెళ్ళిపోయాడు. సమరయుడు చూసి జాలిపడ్డాడు. ఇంతవరకు మనం ఎన్నోసార్లు ప్రసంగించుకున్నాం. కాని ఒక సంగతి గమనించారా? అతడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు. అవి ఎక్కడ నుండి వచ్చాయి? ఆ కొండదారిలో దుకాణం లేదు. అతని సంచిలో ఉన్నాయి. కట్టడానికి గుడ్డ దొరికింది. ఎక్కించడానికి వాహనం ఉంది. సత్రంలో ఇవ్వడానికి రెండు దేనారములు చేతిలో ఉన్నాయి. అతని హృదయంలో జాలి ఉంది, సంచిలో నూనె ఉంది. ఈ రెండూ కలిసినప్పుడే ఆ మనిషి బ్రతికాడు.

దేవుని బిడ్డలారా, ఈ మాట నేను పుస్తకంలో నేర్చుకోలేదు. సిగ్గుపడి నేర్చుకున్నాను. ఆ సంగతి చెబుతాను, వినండి.

సుమారు పద్దెనిమిది సంవత్సరాల క్రితం, సెమినరీ చదువు ముగించుకొని మొదటి సంఘంలో సేవ మొదలుపెట్టిన రోజులు. డిసెంబరు నెల. ఇరవై రెండు మంది యౌవనులను తీసుకొని, లక్నవరం చెరువుకు ఇవతల తెలిసినవారి పొలంలో రెండు రాత్రుల కూడిక పెట్టాను. సామాను జాబితా అర కాగితం మీద రాశాను. గిటారు రాశాను, డోలక్ రాశాను, స్పీకరు రాశాను, పాటల పుస్తకాలు రాశాను. బండి కదిలే ముందు చాలాసేపు ప్రార్థన చేశాను. ఎవరో ఒక పెద్దాయన, "మందులేమైనా పెట్టుకున్నారా అయ్యగారూ?" అని అడిగితే, "దేవుడు చూసుకుంటాడు" అన్నాను. ఆ మాట అప్పుడు నాకు విశ్వాసంలాగే అనిపించింది.

మొదటి రాత్రి మంచు బాగా కురిసింది. కట్టెలు తడిసి పొగ కమ్ముకుంది. పన్నెండు దాటాక ఒక కుర్రవాడికి ఆయాసం మొదలైంది. అతనికి ఉబ్బసం ఉందని నాకు తెలియదు. అడగలేదు గనుక తెలియదు. ఇన్‌హేలరు ఇంట్లో బల్లమీద మరచిపోయి వచ్చాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. బండి తీద్దామంటే ముల్లు దిగి టైరు కూర్చుంది. స్టెప్నీ దించి చూస్తే అందులో గాలి లేదు. ఆ కుర్రవాడు కూర్చోలేక, పడుకోలేక, గాలి కోసం నోరు తెరుస్తుంటే, నేను అతని వీపు నిమురుతూ నిలబడ్డాను. నా హృదయంలో జాలి నిండుగా ఉంది. నా సంచిలో ఏమీ లేదు.

పక్క పొలానికి కావలి ఉన్న ఒక రైతు మా కేకలు విని టార్చిలైటు పట్టుకొని వచ్చాడు. తన మోటారు సైకిలు మీద ఆ కుర్రవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, వెనుక నన్ను ఎక్కించుకొని, తన దుప్పటి తీసి వాడికి చుట్టి, ఆ చలిలో ఆసుపత్రికి చేర్చాడు. అతడు మన సంఘస్థుడు కాడు. ఆ గాబరాలో పేరు కూడా అడగలేదు. పిల్లవాడు బ్రతికాడు, ప్రభువుకు స్తోత్రం. తెల్లవారి వాళ్ళమ్మ వచ్చింది. నన్ను తిట్టలేదు. "అయ్యగారూ, మీరు మస్తు ప్రార్థన చేసిండ్రు. గని నా కొడుక్కు ఏం మందు కావాల్నో ఒక్కమాట అడగకపోతిరి" అన్నది. అంతే. ఆ మాట ఈ రోజు వరకు నా చెవిలో ఉంది.

ఆ రాత్రి ఉపమానంలో నేను సమరయుణ్ణి కాను. చూసి ఏమీ చేయలేక నిలబడిన మనిషిని. అందుకే ఈ ఉదయం మీకు మూడు మాటలు చెప్పాలని ఆశపడుతున్నాను.

మొదటిది, బలహీనునితో లెక్క మొదలుపెట్టండి. జాబితా రాసే ముందు సామాను గురించి ఆలోచించకండి, మనుషుల గురించి ఆలోచించండి. ఎవరికి ఉబ్బసం ఉంది? ఎవరికి షుగరు ఉంది? ఎవరికి మూర్ఛ వస్తుంది? ఎవరు రోజూ మాత్ర వేసుకుంటారు? నలుగురిలో అడిగితే సిగ్గుపడి చెప్పరు, ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడగండి. రోజువారీ మందులు రెండు రోజులకు ఎక్కువగానే పెట్టించండి. పౌలు భక్తుడు చెరసాలలో ఉండి తిమోతికి రాస్తూ, త్రోయలో విడిచి వచ్చిన అంగీని తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత గొప్ప అపొస్తలుడు చలి గురించి మాట్లాడడానికి సిగ్గుపడలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ములుగు అడవుల పక్క రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. ఒకరికి ఒక దుప్పటి కాక, అందరి కోసం రెండు మూడు అదనంగా పెట్టండి. తెచ్చుకోని పిల్లవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు.

రెండవది, చిన్న వస్తువును కూడా పేరు పెట్టి రాయండి. సంఖ్యాకాండము నాలుగవ అధ్యాయం చూడండి. ప్రత్యక్షపు గుడారాన్ని మోసే పని లేవీయులకు పంచినప్పుడు, మెరారీయుల వంతులో పలకలు, స్తంభాలతో పాటు మేకులు, త్రాళ్లు కూడా ఉన్నాయి. ఎవరు ఏది మోయాలో పేరు పేరున అప్పగించమని దేవుడు ఆజ్ఞాపించాడు. మేకు ఒకటి మరచిపోతే గుడారం నిలవదు. "ఎవరో ఒకరు తెస్తారులే" అనుకున్న వస్తువు ఎవరూ తేరు. కాబట్టి ప్రతి వస్తువుకు ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలి.

నీళ్ళు లెక్క వేయండి. త్రాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకోండి. ఇరవై ఐదు మంది, రెండు రోజులు అంటే 200 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు పది. వాగు నీళ్ళు తేటగా కనబడినా మరిగించకుండా త్రాగకండి. ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచండి. పెద్ద పొట్లం ఒకటి ఒక లీటరు నీటిలో కలిపి, ఆ రోజే వాడి, మిగిలితే పారబోయండి. టార్చిలైట్లు, వాటికి అదనపు సెల్లు, టార్పాలిన్, తాడు, కత్తి, అగ్గిపెట్టె తడవకుండా ప్లాస్టిక్ సంచిలో. ఏజెన్సీ ప్రాంతం గనుక దోమతెరలు, నిండు చేతుల చొక్కాలు. వంటకు బియ్యం, పప్పు, ఉల్లిగడ్డలతో పాటు వర్షం వచ్చి పొయ్యి వెలగకపోతే తినడానికి అటుకులు, బిస్కెట్లు. బండికి జాకీ, పానా, లాగే తాడు, గాలి నిండిన స్టెప్నీ. గాలి ఉందో లేదో చేత్తో నొక్కి చూడకండి, పంక్చరు షాపులో మీటరు పెట్టి చూపించండి. బరువైన సామాను కింద పెట్టి, మందుల డబ్బా మాత్రం పైన, అందరికీ కనబడే చోట పెట్టండి.

ఇది కొత్త చదువు కాదు. మన తాతలు ఎడ్లబండి కట్టేటప్పుడు ఇరుసుకు కందెన, రాత్రికి లాంతరు, నీళ్ళకు సొరకాయ బుర్ర, సద్దిమూట లేకుండా ఊరు దాటేవారు కారు. దోర్నకల్‌లో 1912 నుండి 1945 వరకు బిషప్పుగా ఉన్న వి.ఎస్. అజరయ్యగారు కూడా ఎడ్లబండి మీదే పల్లెపల్లె తిరిగి సేవ చేశారు. ఆ తరం ప్రార్థన చేసింది, ఇరుసు కూడా చూసుకుంది.

మూడవది, మీరు దిగే చోటును, వదిలివచ్చే చోటును గౌరవించండి. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో, పాళెము వెలుపల గుంట త్రవ్వి మలినాన్ని కప్పడానికి ఆయుధాలతో పాటు ఒక పనిముట్టు కూడా ఉంచుకోమని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. కాబట్టి మీ జాబితాలో ఒక పార రాయండి. నీళ్ళకు కనీసం అరవై మీటర్ల దూరంలో గుంట త్రవ్వండి. చెత్త సంచిలో వేసుకొని తిరిగి తెచ్చుకోండి. ఏటూరునాగారం అడవి అభయారణ్యం. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా దిగకూడదు, నిప్పు పెట్టకూడదు. ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో గుడారం వేయకండి. పైన ఎక్కడో వాన పడితే మీ దగ్గరకు నీరు రావడానికి ఎక్కువ సేపు పట్టదు. 2023 జూలై 26న ములుగు జిల్లాలోని ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్ళిన సుమారు 80 మంది, వాగు పొంగి తిరుగు దారి మూసుకుపోయి అడవిలో చిక్కుకున్నారు. విపత్తు దళాలు రాత్రంతా శ్రమపడి వారిని బయటకు తెచ్చాయి. ఆ మరునాటికి అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. ఆకాశం వైపు చూడండి, వాతావరణ హెచ్చరిక వినండి. వద్దు అంటే ఆగిపోండి. ఆగిపోవడం కూడా సిద్ధపాటే.

ఇంకొక్క మాట. అడవిలో సిగ్నల్ ఉండదు గనుక, ఏ దారిన వెళ్తున్నారో, ఏ గంటకు తిరిగి ఫోను చేస్తారో ఇంటిదగ్గర ఒకరికి రాసి ఇవ్వండి. పాము కరిస్తే కోయకండి, నోటితో పీల్చకండి, బిగించి కట్టకండి. కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చండి. సిగ్నల్ అందిన చోట 108కి ఫోను చేయండి.

ప్రియ శ్రోతలారా, మందుల డబ్బా పెట్టుకోవడం అవిశ్వాసం కాదు. అది దేవుడు పొరుగువానికి పంపే సహాయాన్ని మన సంచిలో చోటిచ్చి మోయడం. ఆ సమరయుడు ఉదయం ఇంట్లో నూనె బుడ్డి సంచిలో పెట్టుకున్నప్పుడు, అది ఎవరి గాయం మీద పోస్తాడో అతనికి తెలియదు. మనకూ తెలియదు. తెలియదు గనుకనే పెట్టుకోవాలి. ఇప్పుడు నేను యౌవనులతో బయలుదేరినప్పుడల్లా రెండు పనులు చేస్తాను. జాబితా అంతా పైకి చదివిస్తాను, తరువాత ప్రార్థన చేస్తాను. ఆ తల్లి కుమారుడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. మా ప్రయాణాలకు మందుల డబ్బా సర్దేది అతడే.

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న తండ్రీ, మా ప్రయాణములను నీ చేతులకు అప్పగించుచున్నాము. మా అజాగ్రత్తకు విశ్వాసమని పేరు పెట్టిన దినములను క్షమించుము. మాతో నడిచేవారిలో బలహీనుని ముందుగా చూచు కన్నులను మాకు దయచేయుము. దారిలో పడియున్నవాని కొరకు మా సంచిలో కొంచెము నూనె ఉండునట్లు మమ్మును సిద్ధపరచుము. ఆ రాత్రి దుప్పటి కప్పిన ఆ రైతును, అతని ఇంటివారిని దీవించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.