ద్విపత్ర కవాట చికిత్స: ఫలమును ముందుగా తెలుపు ప్రతిధ్వని చిత్రము



మానవ హృదయము దినమునకు ఇంచుమించు ఒక లక్ష పర్యాయములు కొట్టుకొనును. అన్ని పర్యాయములును దాని యెడమ భాగమున రెండు రేకుల తలుపు ఒకటి తెరచుకొని మూసికొనుచుండును. దీనినే ద్విపత్ర కవాటమనియు, మైట్రల్ వాల్వు అనియు అందురు. ఊపిరితిత్తులనుండి ఎడమ కర్ణికకు వచ్చిన రక్తమును జఠరికలోనికి పోనిచ్చుట, పోయినదానిని మరలి రానీయకుండుట దీని పని.

ఈ తలుపు రెండు విధములుగా చెడును. రేకులు అతుకుకొని దారి ఇరుకగుట యొకటి. సరిగా మూసికొనక రక్తము వెనుకకు కారుట రెండవది. బాల్యమున గొంతునొప్పి ననుసరించి వచ్చు రుమాటిక్ జ్వరము మన దేశమున ఈ రెండింటికిని ముఖ్యకారణము. రేకులను పట్టియుంచు తంతులు సాగియో తెగియో కవాటము కారుటయు కలదు. శస్త్రచికిత్సచే వీనిని సరిచేయవచ్చును. కాని చికిత్స పొందినవారందరును ఒకే తీరున కోలుకొనరు. ఈ భేదమును ముందుగా కొంతవరకు తెలుపునదే ప్రతిధ్వని చిత్రము, అనగా ఎకో పరీక్ష.

1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరమున ఇంగె ఎడ్లర్ అను వైద్యుడును, హెల్ముట్ హెర్ట్జ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడును, లోహములలోని లోపములను కనిపెట్టు యంత్రమును గుండెపై ప్రయోగించిరి. చెవికి వినరాని ధ్వనితరంగములు గుండె గోడలకు, కవాటములకు తగిలి మరలివచ్చి వాని కదలికను తెలిపినవి. కవాట శస్త్రచికిత్సకు తగిన రోగులను ముందుగా గుర్తింపవలసిన అవసరమే ఎడ్లరును ఈ ప్రయత్నమునకు పురికొల్పినది.

ఇరుకైన కవాటము విషయమున రేకుల కదలిక, మందము, సున్నము పేరుకొనుట, క్రింది తంతుల స్థితి అను నాలుగు లక్షణములకు ఒక్కొక్కదానికి 1 మొదలు 4 వరకు అంకెల నిచ్చు పద్ధతి 1988లో వెలువడినది. మొత్తము 8కి మించనిచో బెలూనుతో దారి విప్పుట సాధారణముగా చక్కగా ఫలించును.

కారుచున్న కవాటము విషయము ఇంతకన్న సూక్ష్మమైనది. ఇచట గుండె బలము పైకి బలముగానే కనిపించి మోసగించును. కపిల బానకు చిల్లిపడినచో నీరు సగము బావిలోనే కారిపోవును. ఎద్దులు తేలికగా లాగును. చూచువారికి ఎద్దులు బలిష్ఠములనియే తోచును. బాన కుట్టించి నిండు నీటితో లాగించినపుడే వాని అసలు సత్తువ తెలియును. జఠరికయు నట్లే. రక్తములో కొంత తక్కువ ఒత్తిడి గల కర్ణికలోనికి మరలిపోవుచుండుటచే దాని పని తేలికయగును. తలుపు బాగుపడిన పిమ్మట రక్తమంతయు ధమనిలోనికే నెట్టవలసి యుండుటచే, దాగిన బలహీనత బయటపడును.

కావుననే ఈ రోగులలో జఠరిక ప్రతి సంకోచమున బయటికి పంపు రక్తము 60 శాతమునకు మించకున్నను, లేక సంకోచాంతమున జఠరిక వ్యాసము 40 మిల్లీమీటర్లు లేక అంతకు ఎక్కువయినను, కండర మలయుచున్నదని వైద్యులు భావింతురు. కవాటము తీవ్రముగా కారుచున్నచో, ఆయాసము లేకున్నను అదే శస్త్రచికిత్సకు సమయమని సూచింతురు. 1994లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇట్టి శస్త్రచికిత్స పొందిన 409 మంది చరిత్రలను ప్రకటించిరి. చికిత్సకు ముందు ఈ పరిమాణము 60 శాతము లేక అంతకు మించినవారిలో పదియేండ్ల పిమ్మట 72 శాతము జీవించియుండిరి. 50కి తక్కువయినవారిలో 32 శాతము మాత్రమే. కండరము నిడివిలో ఎంత కుదించుకొనుచున్నదో కొలుచు నేటి పద్ధతి అలసటను ఇంకను ముందుగానే పసిగట్టగలదు.

చిత్రము జాతకము కాదు. వయస్సు, నాడి లయ, మూత్రపిండముల స్థితి, శస్త్రవైద్యుని నేర్పు కూడ ఫలితమును నిర్ణయించును. అయినను ఆయాసము వచ్చువరకు ఆగుదమనుట ప్రమాదకరమని పై లెక్క చాటుచున్నది.

ఒక్క కొలతకన్న కాలక్రమమున వచ్చు మార్పు ఎక్కువ చెప్పును. బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగ కుటుంబములలో ఇట్టి రోగి యున్నచో పాత ఎకో నివేదికలన్నియు భద్రపరచి క్రొత్త వైద్యునికి చూపవలెను. పిల్లలకు జ్వరముతో గొంతునొప్పి వచ్చినపుడు వెంటనే వైద్యునికి చూపి, ఆయన వ్రాసిన మందును పూర్తిగా వాడింపవలెను. తలుపు చెడిన పిదప బాగుచేయుటకన్న చెడకుండ కాచుకొనుట మేలు. చెడినచో, గుండె కండరము అలయకమునుపే బాగుచేయించుట మేలు.