సాంచా పక్కన పందెపు కారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసి, ఉగాది పచ్చడి చేతిలో పడిన తరువాత ప్రసంగాలు వినుటకు ఎవరికీ ఓపిక ఉండదు. అయినా కార్యదర్శిగారు మాకు పావుగంట ఇచ్చినారు. నూలు ధర, కరెంటు బిల్లు మీరు రోజూ వింటున్నవే. అందుచేత ఈ పావుగంటలో మా కాలక్షేపం ఒకటి మీకు మనవి చేసుకొంటాము. అది కంప్యూటరు మీద పందెపు కారు నమూనా గీయుట.

మేము నలుగురము. ఇద్దరు సాంచాల మీద పనిచేసేవారు, ఒకరిది చిల్లర దుకాణం, ఒకరు పిల్లలకు లెక్కలు చెప్పేవారు. పద్మానగర్, కామత్‌ఘర్ వాసులము. మాలో ఎవరికీ సొంత కారు లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. మన ఊళ్లకు పోయేటప్పుడు బస్సు దిగి నడిచిన రోడ్ల మీద ఆ కార్లు దూసుకుపోతుంటే ఇంటిల్లిపాదీ ఫోనులో చూసినాము. చూచిన పిల్లలు అటువంటి కారు కావాలన్నారు. కొనే శక్తి లేదు గనుక గీసి ఇస్తామన్నాము. మాట ఇచ్చుట తేలిక. గీయుట తరువాత తెలిసింది.

గీయుటకు వాడే సాఫ్టువేరును క్యాడ్ అంటారు. 1963లో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధకుడు అమెరికాలో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము చేసి, కంప్యూటరు తెర మీద వెలుగు కలముతో గీతలు గీయవచ్చునని చూపినాడు. ఈనాడు ఇంజనీర్లు వాడే ఖరీదైన సాఫ్టువేర్లు చాలా ఉన్నవి. మేము వాడేది ఫ్రీక్యాడ్. దానికి పైసా చెల్లించనక్కరలేదు. మన సంఘపు గదిలో సభ్యుల పట్టిక రాసుకొనే పాత కంప్యూటరు మీద, కొంత నెమ్మదిగా అయినా, అది పనిచేస్తుంది.

ఇది మనకు కొత్త విద్య అని జంకవలసిన పని లేదు. ఫ్రాన్సులో జకార్డు 1804లో చిల్లుల అట్టలతో నడిచే మగ్గం చేసినాడు. అట్టలో చిల్లు ఉంటే పడుగు దారం లేస్తుంది, లేకుంటే ఆగుతుంది. ఆ అట్టలను చూచియే ఇంగ్లండులో బాబేజి తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు పెట్టదలచినాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు హోలరిత్ యంత్రాలు అటువంటి అట్టలతోనే లెక్కించినవి. కంప్యూటరు వంశవృక్షంలో మగ్గం ఒక పూర్వీకుడు. జకార్డు డిజైనుకు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపిన మన పెద్దలు ఆ పని ఎప్పుడో చేసినారు.

ఇక పని చేసే తీరు. మొదట ఒక బల్లపరుపు బొమ్మ గీస్తాము. ఈ గీత ఆ గీతకు సమాంతరం, ఈ రెండు చక్రాల నడుమ ఇంత దూరం అని నియమాలు పెడతాము. తరువాత ఆ బొమ్మను పైకి లాగితే దిమ్మె అవుతుంది, ఇరుసు చుట్టూ తిప్పితే చక్రం అవుతుంది. మరునాడు ఒక అంకె మార్చితే మిగిలిన బొమ్మ తానే సర్దుకొంటుంది. సాంచా మీద పిక్కులు మార్చితే గుడ్డ తీరంతా మారినట్లు అన్నమాట.

కారు వంపులు మరొక కథ. పారిస్‌లో సిట్రోయెన్ కంపెనీలో ద కాస్టెల్జో, రెనో కంపెనీలో బెజియే 1960 ప్రాంతంలో వేరువేరుగా ఈ వంపుల లెక్క కనిపెట్టినారు. కొన్ని చుక్కలు పెడితే వాటి ఆకర్షణకు లోబడి గీత నున్నగా వంగుతుంది. నడిమి చుక్కలను తాకకుండానే వాటి వైపు మొగ్గుతుంది. ఈ సంగతి మాకు ఎంతకూ అర్థము కాలేదు. మా ఇంటి ఆడవారు తెర చూచి, చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు వంటిదే గదా అన్నారు. ఆ రోజు నుండి వంపుల పని వారికే అప్పగించినాము. కారు ముక్కు వారు దిద్దినదే.

కొలతలకు మేము ఫార్ములా వన్ కారును తీసుకొన్నాము. దాని నిబంధనలు అందరూ చదువుకొనేటట్లు ప్రకటిస్తారు గనుక. 2025 నిబంధనల ప్రకారం కారు వెడల్పు 2000 మిల్లీమీటర్లు, ముందు వెనుక చక్రాల నడుమ దూరం 3600 మిల్లీమీటర్లు మించరాదు. ఇరవయ్యో వంతుకు కుదిస్తే 100, 180 మిల్లీమీటర్లు. అరచేతిలో పట్టేంత కారు.

అన్నిటినీ ఇరవైతో భాగిస్తే సరిపోతుందనుకొన్నాము. అదే మొదటి పొరపాటు. అసలు కారులో 10 మిల్లీమీటర్ల మందం ఉన్న రెక్క మా నమూనాలో అర మిల్లీమీటరు అయింది. చేతికి రాకముందే విరిగింది. పొడవు ఇరవయ్యో వంతు అయితే వైశాల్యం నాలుగు వందలవ వంతు, బరువు ఎనిమిది వేలవ వంతు అవుతుంది. 2025 కారు డ్రైవరుతో కలిపి, ఇంధనం లేకుండా కనీసం 800 కిలోలు ఉండాలి. దానిని 8000తో భాగిస్తే 100 గ్రాములు. మా కారు 62 గ్రాములే తూగింది. మిగిలిన బరువుకు సాంచా నుండి ఊడిన నట్లు అడుగున అమర్చినాము.

గీసిన నమూనాను ఠాణాలో ఒక దుకాణంలో ముద్రింపించినాము. ఆ యంత్రం ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర వేస్తుంది. పొర మందం 0.2 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్ల ఎత్తుకు 250 పొరలు. పేక మీద పేక పడి గుడ్డ పెరిగినట్లు కారు పెరిగింది.

మరొక మాట చేనేత బిడ్డలందరూ వినదగినది. పందెపు కారు ఒళ్లు ఇనుము కాదు, గుడ్డ. కర్బన నారను నేసి, జిగురు పట్టించి, వేడితో గట్టిపరుస్తారు. 1981లో మెక్లారెన్ వారు ఎంపీ4/1 అనే కారుకు ఆ గుడ్డతోనే గూడు చేసినారు. ఫార్ములా వన్‌లో అదే మొదటిది. ఆ గుడ్డలో తరచుగా కనిపించేది రెండు పైకి, రెండు కిందికి పోయే ట్విల్ నేత. అది తెలియనివారు ఈ సభలో ఎందరు?

ఇప్పుడు మేము అసలు చెప్పదలచుకొన్నది. మాలో ఒకరి కుమారుడు పదవ తరగతి. బడిలో మరాఠీ, వీధిలో హిందీ. తెలుగు వింటే అర్థమవుతుంది, నోట రాదు. వాని తాతగారు నలుబది ఏండ్లు జాబరు. సాంచాల చప్పుడుకు ఆయన చెవులు మందగించినవి. ఒకే గదిలో ఉన్నా తాతా మనుమల నడుమ అన్నం తిన్నావా అనే మాట తప్ప మరొకటి లేదు.

ముద్రించిన కారును పిల్లవాడు ఇంటికి తెచ్చి నేల మీద పెట్టినాడు. చక్రాలు కదలలేదు. మేము నలుగురమూ తెర ముందు గంటసేపు తప్పు వెదికినాము, దొరకలేదు. తాతగారు దానిని చేతిలోకి తీసుకొని, అద్దాలు లేకుండానే చక్రాన్ని వేలితో ఒత్తి చూచి, "ఇరుసుకు సందేదిరా బిడ్డా? నూనె యాడ నిలుస్తది?" అన్నారు. నిజమే. 3 మిల్లీమీటర్ల కడ్డీకి 3 మిల్లీమీటర్ల రంధ్రమే ఇచ్చినాము. తెర మీద రెండూ చక్కగా అమరినవి, చేతిలో అమరలేదు.

పిల్లవాడు, "తాతా, ఇరుసు అంటే?" అని అడిగినాడు. ఆయన వానిని కార్ఖానాకు తీసుకుపోయి, ఆగిన సాంచా విప్పి చూపినారు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి ఆలస్యంగా వచ్చినారు. రంధ్రం 3.3 చేసినాము, చక్రం తిరిగింది. మరుసటి వారం కంప్యూటరులో చూస్తే భాగాలకు ఉన్న ఇంగ్లీషు పేర్లు తీసివేసి, ఇరుసు, చక్రం, రెక్క, ముక్కు అని తెలుగులో రాసి ఉన్నవి. ఇరుసులోని మొదటి అక్షరం వాడు వాళ్ల నాన్నను అడిగి నేర్చుకొన్నాడు.

సాంచాలు అరపూట ఆగి ఉన్న రోజుల్లో బొమ్మ కార్లేమిటని మా గల్లీ పెద్ద ఒకరు మందలించినారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఈ విద్యతో రేపే ఉద్యోగం వస్తుందని మేము చెప్పము; చెబితే అబద్ధం. ఇది సరదా మాత్రమే. కాని మన పిల్లలలో ఎందరు సాంచా మీద నిలుస్తారో మనకు తెలియదు. వారు ఏ పనికి పోయినా, తాత చేతిలోని పనితనం కొంత వెంట తీసుకుపోవాలని మా ఆశ. ఆ పనితనం పుస్తకాలలో లేదు. ఎవరూ అడగకపోతే ఆ పెద్దలతోనే పోతుంది.

సంఘానికి మా విన్నపం చిన్నది. చందా అడగము. వారపు సెలవునాడు ఆ గది తాళపుచెవి మాకు ఇప్పించండి. పిల్లలను పంపండి, వారితో పాటు ఒక పెద్దను కూడా పంపండి. పిల్లవాడు గీస్తాడు, పెద్దాయన తప్పు పడతాడు. కుర్చీలు రెండే ఉన్నవి. చాప తెచ్చుకొంటే చాలును.

సభ అయిన తరువాత కారు ఆ బల్ల మీద ఉంటుంది. నెట్టి చూడవచ్చును. వెనుక రెక్క మాత్రము మెల్లగా పట్టుకొనవలెను, అది ఇంకా పలుచనే.